కిడ్నీ తీసేశాక రక్తం ఎంతవరకు చెప్పగలదు?

కిడ్నీ దాటి పోలేదని స్కాన్లు చెప్పిన క్యాన్సర్‌ను సర్జన్ ఏమీ మిగల్చకుండా తీసేసినా, తర్వాతి సంవత్సరాల్లో ప్రతి వందమందిలో 20 నుంచి 30 మందికి అది తిరగబెడుతుంది. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో, కాలేయంలో, ఒక్కోసారి మెదడులో కనబడుతుంది. కొందరికి ఏడాది తిరక్కుండానే వస్తుంది, కొందరికి పదేళ్లు దాటాక వస్తుంది. మిగతా డెబ్భై ఎనభై మందికి ఆ ఆపరేషనే పూర్తి వైద్యం. ఎవరు ఏ వైపున ఉన్నారో ఆపరేషన్ అయిన నెలకు ఎవరికీ కచ్చితంగా తెలియదు. "మళ్లీ రాదు కదా డాక్టర్ గారూ?" అని అడిగితే యూరాలజిస్టు జవాబులో "సాధారణంగా", "చాలామందిలో" లాంటి మాటలు దొర్లేది అందుకే.

కొన్నేళ్ల కిందటిదాకా ఈ తెలియనితనం వల్ల వైద్యం పెద్దగా మారేది కాదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చి ఫలితం చూపించిన మందు దాదాపు లేదు. సునిటినిబ్, సొరాఫెనిబ్ మాత్రలను 1,943 మందిలో పరీక్షించిన అస్యూర్ ట్రయల్‌లో ప్రయోజనం కనబడలేదని 2016లో తేలింది. అదే ఏడాది మరో ట్రయల్‌లో సునిటినిబ్ జబ్బు తిరగబెట్టడాన్ని కొంత వాయిదా వేసింది గానీ, ఆయుష్షు పెంచినట్టు రుజువు కాలేదు. పరిస్థితి మారింది 2021లో, కీనోట్-564 అనే ట్రయల్ ఫలితాలతో. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న 994 మందిని తీసుకుని, సగం మందికి ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు, మిగతావారికి ఉత్త సెలైన్ ఎక్కించారు. 2024లో వచ్చిన తర్వాతి విశ్లేషణలో నాలుగేళ్లకు బతికున్నవారు మందు వర్గంలో 91.2 శాతం, మందు లేని వర్గంలో 86.0 శాతం. కిడ్నీ క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాతి మందు ఒకటి ఆయుష్షు పెంచుతుందని తేలడం అదే మొదటిసారి.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నిదానంగా చూడాలి. మందు ఇవ్వకపోయినా వందలో 86 మంది నాలుగేళ్లకు బతికే ఉన్నారు. ఇచ్చినా తొమ్మిదిమంది దక్కలేదు. మందు వల్ల అదనంగా నిలబడింది వందకు అయిదుగురు. ఆ అయిదుగురి కోసం వందమందీ మూడు వారాలకొకసారి, మొత్తం 17 సార్లు సెలైన్ స్టాండు పక్కన కూర్చోవాలి. మందు వల్ల తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చినవారు ఆ ట్రయల్‌లో 18.6 శాతం, సెలైన్ వర్గంలో 1.2 శాతం. థైరాయిడ్ దెబ్బతిని జీవితాంతం మాత్ర వేసుకోవాల్సినవారు, అడ్రినల్ గ్రంథి పనిచేయక స్టెరాయిడ్లతో బతికేవారు కూడా మందు తీసుకున్నవారిలో ఉంటారు. ఖర్చు మన దగ్గర లక్షల్లో మాట. ఆ అయిదుగురు ఎవరో ముందే తెలిస్తే, లేదా కనీసం మందు అక్కర్లేని వారిలో సగం మందినైనా పక్కకు తీయగలిగితే, కిడ్నీ క్యాన్సర్ వైద్యంలో అంతకన్నా పెద్ద మేలు ఇప్పట్లో ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. ఒక సిరంజి రక్తంతో ఆ పని జరుగుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

పాథాలజీ రిపోర్టు ముందే చెప్పేది

రక్తం గురించి మాట్లాడే ముందు దాని పోటీదారును చూడాలి. తీసేసిన కిడ్నీని పాథాలజిస్టు కోసి చూసి రాసే రిపోర్టులోనే చాలా సమాచారం ఉంటుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2002లో గడ్డ దశ, సైజు, గ్రేడు, లోపల కుళ్లిన భాగం ఉందా లేదా అన్న నాలుగింటిని కలిపి ఒక స్కోరు తయారుచేశారు. దాన్ని సైన్ స్కోరు అంటారు. 2003లో అక్కడినుంచే లీబోవిచ్ స్కోరు వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారిది యూఐఎస్ఎస్. ఏ కొత్త రక్తపరీక్ష అయినా వీటికన్నా మెరుగ్గా చెప్పాలి, లేదా వీటికి తెలియనిది కలపాలి. రిపోర్టులో ఉన్న సంగతినే రక్తం ఇంకోసారి చెబితే రోగికి ఒరిగేది లేదు.

అలాగని ఈ స్కోర్లు గొప్పగా పనిచేస్తున్నాయనీ కాదు. అస్యూర్ ట్రయల్ రోగుల సమాచారం మీద ఎనిమిది స్కోర్లను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. తిరగబెట్టినవారికీ తిరగబెట్టనివారికీ తేడా పట్టే సామర్థ్యాన్ని సీ-ఇండెక్స్ అనే అంకెతో కొలుస్తారు. 0.5 అంటే బొమ్మాబొరుసు వేసినట్టు, 1 అంటే ఎన్నడూ తప్పనట్టు. పరీక్షించిన వాటిలో అన్నిటికన్నా బాగా చేసిన సైన్ స్కోరుకు వచ్చింది 0.69. పుట్టిన ఆస్పత్రిలో కనబరిచిన పనితనం బయటి రోగుల దగ్గరికి వచ్చేసరికి తగ్గింది, ఆపరేషన్ అయిన రెండేళ్ల తర్వాత మరీ తగ్గింది. కాబట్టి మెరుగుపరచడానికి చోటు చాలా ఉంది. రక్తం వైపు చూపు మళ్లడానికి ఇది సరైన కారణమే.

గడ్డ కిడ్నీలో, గుర్తులు ఒళ్లంతా

కిడ్నీ క్యాన్సర్ రక్తంలో గుర్తులు వదులుతుందన్నది కొత్త సంగతి కాదు. 1961లోనే మేయో క్లినిక్‌కు చెందిన స్టాఫర్ అనే వైద్యుడు ఒక విచిత్రం గమనించాడు. కిడ్నీలో గడ్డ ఉంది, కాలేయానికి పాకలేదు, అయినా కాలేయ పరీక్షలు తేడాగా వస్తున్నాయి. కిడ్నీ తీసేస్తే అవి సర్దుకుంటున్నాయి. ఆ స్థితికి ఆయన పేరే నిలిచింది. ఇలాంటి రోగుల్లో ఈఎస్ఆర్ పెరగడం, కాల్షియం పెరగడం, కారణం తెలియని జ్వరం, రక్తహీనత అన్నీ పాత వైద్యులకు తెలిసినవే. అప్పట్లో ఈ క్యాన్సర్‌ను సర్జన్ల కన్నా జనరల్ ఫిజీషియన్లే ముందు అనుమానించేవారు. ఇప్పుడు వేరే దేనికోసమో చేసిన అల్ట్రాసౌండ్‌లో బయటపడేవే ఎక్కువ.

ఈ గుర్తుల వెనక ఒక తర్కం ఉంది. చాలా కిడ్నీ గడ్డలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అది కాలేయానికి చేరితే కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. హెప్సిడిన్ అనే హార్మోన్‌నూ పెంచుతుంది. హెప్సిడిన్ పెరిగితే తిన్న ఇనుము పేగుల్లోనుంచి రక్తంలోకి రాదు, నిల్వ ఉన్న ఇనుమూ బయటికి రాదు, హిమోగ్లోబిన్ పడిపోతుంది. అదే రసాయనం ప్లేట్‌లెట్ల తయారీనీ ఉసిగొల్పుతుంది. సీఆర్‌పీ ఎక్కువ, హిమోగ్లోబిన్ తక్కువ, ప్లేట్‌లెట్లు ఎక్కువ అన్న మూడు వేర్వేరు సూచికలు చాలాసార్లు ఒకే మంట నుంచి వచ్చిన పొగ. మూడింటినీ మూడు సాక్ష్యాలుగా లెక్కగడితే, ఒకే సాక్షిని మూడుసార్లు పిలిచినట్టవుతుంది. పరిశోధనల్లో ఈ పొరపాటు తరచుగా కనబడుతుంది.

క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన రోగుల్లో ఈ సూచికలు ఇప్పటికే రోజువారీ వాడుకలో ఉన్నాయి. 1999లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రి తయారుచేసిన ప్రమాద అంచనా పట్టికలో హిమోగ్లోబిన్, ఎల్‌డీహెచ్, కాల్షియం ఉన్నాయి. 2009లో వచ్చిన ఐఎండీసీ పట్టికలో ఉన్న ఆరు అంశాల్లో నాలుగు రక్తపరీక్షలే: హిమోగ్లోబిన్, కాల్షియం, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు. అయితే పాకిన జబ్బులో ఒంట్లో గడ్డ భారం ఎక్కువ, కాబట్టి రక్తంలో గుర్తూ బలంగా ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక మిగిలి ఉంటే గింటే కంటికి కనబడని కొన్ని కణాలు. అవి ఒళ్లంతటి హిమోగ్లోబిన్‌ను మార్చగలవని ఆశించడం కష్టం. ఒక పరిస్థితిలో పనికొచ్చిన సూచికను ఇంకో పరిస్థితికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

సీబీపీ కాగితం మీద ఒక భాగహారం

ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగికీ సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, చేస్తారు. అందులో తెల్ల రక్తకణాల వాటాలు విడివిడిగా ఉంటాయి. న్యూట్రోఫిల్స్ 68 శాతం, లింఫోసైట్స్ 24 శాతం అనుకుందాం. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 2.8. దీన్నే న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి అంటారు. అదనపు ఖర్చు లేదు, అదనపు సూది లేదు. కిడ్నీ క్యాన్సర్ ఒక్కదానిలోనే దీనిమీద వచ్చిన వ్యాసాలు లెక్కకు మిక్కిలి. నిష్పత్తి ఎక్కువున్నవారి ఫలితాలు అధ్వానంగా ఉన్నాయని వాటిలో ఎక్కువ భాగం చెబుతాయి.

అదే మనిషికి ఆయాసం వచ్చిందని రెండు రోజుల కిందట స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారనుకోండి. న్యూట్రోఫిల్స్ 82కి, లింఫోసైట్స్ 12కి వెళ్లడం మామూలే. నిష్పత్తి 6.8 అవుతుంది. గడ్డ మిల్లీమీటరు కూడా పెరగలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పుచ్చిన పన్ను, రాత్రంతా నిద్రలేని ఆందోళన, ఇవన్నీ ఈ అంకెను కదిలిస్తాయి. ఇక ఏ అంకె దాటితే ప్రమాదం అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఒక బృందం 2 దగ్గర గీత గీస్తే, మరొకటి 3.3 దగ్గర, ఇంకొకటి 4 దగ్గర గీసింది. చాలామంది తమ రోగుల సమాచారంలో ఏ గీత దగ్గర తేడా బాగా కనబడిందో అక్కడే గీస్తారు. అలా గీస్తే ఏదో ఒక తేడా ఎప్పుడూ కనబడుతుంది. ఈ పద్ధతి ప్రమాదకరమని గణాంకవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు 1994లోనే హెచ్చరించారు. సూచికల మీద చేసే పరిశోధనలను ఎలా నివేదించాలో చెప్పే రిమార్క్ నియమావళి 2005లో వచ్చింది. అయినా ఆ తర్వాత వచ్చిన వ్యాసాల్లోనూ ఇది తగ్గినట్టు కనబడదు.

ఈ రంగంలో నాకు ఎక్కువ ఆలోచన తెచ్చిపెట్టిన వ్యాసం ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి 2013లో వచ్చింది. 678 మంది రోగులు, గీత 3.3 దగ్గర. నిష్పత్తి ఎక్కువున్నవారిలో మొత్తం మరణాలు ఎక్కువే, దశ, గ్రేడు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. కానీ కిడ్నీ క్యాన్సర్‌తోనే పోయినవారిని విడదీసి చూస్తే ఆ బంధం నిలబడలేదు. క్యాన్సర్ వేరే చోట తేలడంతోనూ నిలబడలేదు. అంటే ఆ అంకె చెప్పింది క్యాన్సర్ గురించి కాకపోవచ్చు. గుండెజబ్బు, మధుమేహం, పొగాకు, వయసు మీదపడిన ఒళ్లు, వీటి గురించి కావచ్చు. ఆ సమాచారమూ విలువైనదే. కాకపోతే ఇమ్యూనోథెరపీ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి అది పనికిరాదు. ఇంకా చెప్పాలంటే తప్పుదారి పట్టిస్తుంది. గుండె బలహీనంగా ఉన్న మనిషిని క్యాన్సర్ ప్రమాదం ఎక్కువున్న మనిషిగా చూపించి, తట్టుకోలేని మందు వైపు నెడుతుంది.

హిమోగ్లోబిన్ విషయంలో మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనత సూచికను తయారుచేసినవి ఎక్కువగా అమెరికా, యూరప్, జపాన్ ఆస్పత్రులు. అక్కడ ఒక రోగికి హిమోగ్లోబిన్ 10 ఉంటే డాక్టరు గడ్డను అనుమానిస్తాడు. ఇక్కడ ఒక ఇల్లాలికి 10 ఉంటే అది గడ్డ రాకముందు నుంచీ ఉన్నదే అయ్యుండవచ్చు. ఇనుము లోపం, నెలసరి, కడుపులో నులిపురుగులు, తలసీమియా వాహక లక్షణం, ఏదైనా కావచ్చు. సీఆర్‌పీ, ఈఎస్ఆర్‌లకూ ఇదే వర్తిస్తుంది. టీబీ ఉన్న ఊళ్లో ఈఎస్ఆర్ పెరిగిందంటే అర్థాలు చాలా ఉంటాయి. విదేశీ రోగుల మీద తేలిన అంకెలను మన రోగుల మీద యథాతథంగా పెట్టకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన కారణం అక్కర్లేదు.

"ప్రమాదం రెట్టింపు" అంటే ఎంత?

వార్తల్లో, వ్యాసాల సారాంశాల్లో తరచూ కనబడే మాట ఇది: ఫలానా సూచిక ఎక్కువున్నవారికి తిరగబెట్టే ప్రమాదం రెట్టింపు. వినగానే ఆ పరీక్ష చేయించుకోవాలనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే. వందమంది రోగుల్లో 25 మందికి తిరగబెట్టింది. వందలో 40 మందికి సూచిక ఎక్కువ, వారిలో 15 మందికి తిరగబెట్టింది. మిగతా 60 మందికి సూచిక తక్కువ, వారిలో 10 మందికి తిరగబెట్టింది. మొదటి వర్గంలో 37 శాతం పైన, రెండో వర్గంలో 17 శాతం లోపు. నిజంగానే రెట్టింపు కన్నా ఎక్కువ. గణాంకపరంగా పెద్ద ట్రయల్‌లో ఈ తేడా ధీమాగా నిలబడుతుంది.

ఇప్పుడు ఒక్కొక్క రోగి వైపు నుంచి చూడండి. సూచిక ఎక్కువని బెంగపెట్టిన 40 మందిలో 25 మందికి జబ్బు తిరగబెట్టనే లేదు. తిరగబెట్టిన 25 మందిలో 10 మందికి "మీ సూచిక తక్కువే, భయం లేదు" అని చెప్పి పంపించారు. వర్గాల మధ్య తేడా చూపించే సూచిక, మనుషుల మధ్య తేడా చూపించకపోవచ్చు. యూరోపియన్ యూరాలజీ అసోసియేషన్ మార్గదర్శకాలు ఇప్పటిదాకా పరిశోధనలో ఉన్న అణుస్థాయి సూచికలను రోజువారీ వైద్యానికి సిఫార్సు చేయకపోవడానికి కారణం ఇదే. అవి ఉన్న స్కోర్లకు స్పష్టంగా ఏం కలుపుతున్నాయో ఇంకా తేలలేదు.

ఇంకో భేదం కూడా ఉంది. జబ్బు తిరగబెడుతుందా అని చెప్పే సూచిక వేరు, మందు పనిచేస్తుందా అని చెప్పే సూచిక వేరు. మొదటిది ఎంత కచ్చితమైనదైనా రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వదు. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న వ్యక్తికి ఆ మందు అస్సలు పనిచేయకపోవచ్చు కూడా. రెండో ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఒకే రకం రోగుల్లో సగం మందికి మందు ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా, ఆ రెండు సగాల్లోనూ సూచికను కొలవాలి.

కిమ్-1: ఆశకు ఆధారం ఉన్న చోటు

ఈ కొలబద్దలన్నిటికీ ఇప్పటిదాకా దగ్గరగా వచ్చింది కిమ్-1 అనే ప్రోటీను. కిడ్నీ గాయపడినప్పుడు పుట్టే అణువు అన్న అర్థంలో 1998లో బోస్టన్ పరిశోధకులు దానికి ఆ పేరు పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో ఇది దాదాపు ఉండదు. కిడ్నీ గొట్టాల గోడల్లోని కణాలు దెబ్బతింటే, బతికున్న కణాలు దీన్ని తమ ఉపరితలం మీద మొలిపించుకుని, చచ్చిన పక్క కణాల శిథిలాలను మింగడానికి వాడుకుంటాయి. దాని బయటి ముక్క తెగి మూత్రంలోకీ రక్తంలోకీ వస్తుంది. కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే క్లియర్ సెల్ రకం పుట్టేది ఇదే గొట్టాల కణాల నుంచి. ఆ గడ్డలు కిమ్-1ను విస్తారంగా తయారుచేస్తాయి. పాపిల్లరీ రకమూ అంతే. క్రోమోఫోబ్ రకంలో మాత్రం ఇది తక్కువ, కాబట్టి ఆ రోగులకు దీనివల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

సాక్ష్యం మూడు మెట్లుగా పేరుకుంది. మొదటిది 2018లో. యూరప్‌లో ఆరోగ్యంగా ఉన్నప్పుడే రక్తమిచ్చి, తర్వాత కిడ్నీ క్యాన్సర్ బయటపడిన 190 మందిని, బయటపడని మరో 190 మందిని పోల్చారు. జబ్బు బయటపడటానికి అయిదేళ్ల ముందు తీసిన రక్తంలో కూడా కిమ్-1 తేడా కనబడింది. అంటే చిన్న గడ్డ కూడా రక్తంలో జాడ వదలగలదు. ఆపరేషన్ తర్వాత మిగిలే అతి తక్కువ జబ్బును పట్టుకోవాలంటే కావలసిన గుణం ఇదే.

రెండో మెట్టు 2021లో. అస్యూర్ ట్రయల్‌లో దాచిన ప్లాస్మా నమూనాలు 418 మందివి తీశారు. కిడ్నీ తీసేశాక కూడా కిమ్-1 ఎక్కువగా ఉన్నవారిలో జబ్బు త్వరగా తిరగబెట్టింది, మరణాలూ ఎక్కువగా ఉన్నాయి. యూఐఎస్ఎస్, సైన్ స్కోర్లకు దీన్ని కలిపినప్పుడు అంచనా మెరుగైంది. పాథాలజీ రిపోర్టుకు తెలియనిది రక్తం చెబుతోందన్న సూచన ఇక్కడ దొరికింది.

మూడో మెట్టు అసలైనది. ఇమ్మోషన్010 అనే ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాత అటెజోలిజుమాబ్ ఇచ్చి చూశారు. 778 మంది. ప్రయోజనం లేదని 2022లో తేలింది. చెక్‌మేట్-914, ప్రాస్పర్ ట్రయల్స్‌లో వేరే ఇమ్యూనోథెరపీ మందులూ నిలబడలేదు. కీనోట్-564 ఒక్కటి గెలిచి, అలాంటివే మూడు ఎందుకు ఓడాయన్నది క్యాన్సర్ వైద్యులను వేధించిన ప్రశ్న. ఇమ్మోషన్010 నమూనాల్లో 752 మంది సీరంలో కిమ్-1ను కొలిచి 2025లో ప్రచురించారు. మిల్లీలీటరుకు 86 పికోగ్రాములు, అంతకు మించి ఉన్నవారిని "ఎక్కువ" అన్నారు. వారు పదిమందిలో నలుగురు. మొత్తంమీద ఓడిన మందు ఈ వర్గంలో మాత్రం తిరగబెట్టే ప్రమాదాన్ని 28 శాతం తగ్గించినట్టు కనబడింది. తక్కువున్న వర్గంలో ప్రయోజనం ఏమీ కనబడలేదు.

ఇది ఉత్సాహం కలిగించే ఫలితం. నేనూ దాన్ని ఆశతోనే చదివాను. అయితే ఆ 28 శాతం చుట్టూ ఉన్న హద్దులు చూడాలి. నిష్పత్తి 0.72, దాని 95 శాతం హద్దులు 0.52 నుంచి 0.99 వరకు. పైహద్దు 1కి వెంట్రుకవాసి దూరంలో ఉంది. 1 అంటే ప్రయోజనం శూన్యం. ఈ విశ్లేషణ ట్రయల్ మొదలుకాకముందే ప్రకటించింది కాదు, ఫలితం వచ్చాక చేసింది. మందు మొత్తంమీద ఓడిన ట్రయల్‌లో గెలిచిన ఉపవర్గం దొరకడం వైద్య చరిత్రలో చాలాసార్లు జరిగింది. వాటిలో చాలావరకు తర్వాతి ట్రయల్‌లో నిలవలేదు. కిమ్-1 ఆ కోవలోదే అని నేను అనడం లేదు. జీవశాస్త్రపరంగా దాని వెనక అర్థం ఉంది, వేర్వేరు ట్రయల్స్‌లో ఒకే వైపు చూపించింది. కానీ ఒక రోగికి మందు ఇవ్వడమో ఆపడమో నిర్ణయించే బరువు దానిమీద ఇప్పుడే పెట్టలేం.

కొలతలోనూ తేలనివి ఉన్నాయి. అస్యూర్‌లో వాడింది ప్లాస్మా, ఇమ్మోషన్010లో వాడింది సీరం. గడ్డకట్టనిచ్చిన రక్తం నుంచి తీసేది సీరం, గడ్డకట్టకుండా ఆపిన రక్తం నుంచి తీసేది ప్లాస్మా. ఒక కంపెనీ కిట్‌లో 86 వచ్చిన నమూనాకు మరో కిట్‌లో అదే అంకె వస్తుందన్న హామీ లేదు. చక్కెర పరీక్షకు, క్రియాటినిన్‌కు ఉన్నట్టు అన్ని ల్యాబులకూ ఒకే ప్రమాణం కిమ్-1కు ఏర్పడాలి. నమూనా ఎప్పుడు తీయాలన్నదీ ముఖ్యమే. ఆపరేషన్ దెబ్బకే మిగిలిన కిడ్నీ కొంత నలుగుతుంది, గడ్డ ఉన్న భాగాన్నే కోసి మిగతా కిడ్నీని కాపాడే ఆపరేషన్‌లో అయితే ఇంకా ఎక్కువ. అప్పుడు పెరిగిన కిమ్-1 మిగిలిపోయిన గడ్డ కణాలదా, నలిగిన కిడ్నీదా అని ఆ అంకె ఒక్కటే చెప్పలేదు.

ఉద్దానం రోగికి ఈ పరీక్ష ఏం చెబుతుంది?

పెరిగిన కిమ్-1 గడ్డదా, నలిగిన కిడ్నీదా అన్నది శ్రీకాకుళం జిల్లా వారికి పుస్తకాల ప్రశ్న కాదు. ఉద్దానం ప్రాంతంలో పెద్దవారిలో సుమారు అయిదోవంతు మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉందని అక్కడ జరిగిన సర్వేలు చెబుతున్నాయి. వారిలో చాలామందికి షుగరు లేదు, బీపీ పెద్దగా లేదు, కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడి జబ్బు ఎక్కువగా దెబ్బతీసేది కిడ్నీ గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ. కిమ్-1 పుట్టేది ఆ దెబ్బతిన్న గొట్టాల్లోనే. కవిటి నుంచో సోంపేట నుంచో విశాఖకు వచ్చి కిడ్నీ గడ్డ తీయించుకున్న ఒక కొబ్బరితోట కూలీకి ఆపరేషన్ తర్వాత కిమ్-1 ఎక్కువగా వచ్చిందనుకుందాం. పారిస్‌లోనో బోస్టన్‌లోనో దానికి ఉన్న అర్థమే ఇక్కడా ఉందని ఏ ఆధారంతో అనగలం? 86 అన్న గీత ఇక్కడ సగం మందిని "ఎక్కువ" వర్గంలోకి తోసేయవచ్చు. లక్షలు పెట్టి మందు కొనమనడానికి అది సరిపోతుందా? తప్పుగా భరోసా ఇవ్వడం ఎంత చెరుపో, తప్పుగా భయపెట్టడమూ అంతే చెరుపు. ఒంటి కిడ్నీతో, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీతో బతుకుతున్న మనిషికి ఇమ్యూనోథెరపీ వల్ల వచ్చే కిడ్నీ వాపు చిన్న విషయం కాదు.

రక్తంలో తిరిగే గడ్డ డీఎన్ఏ గురించి క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్‌లో దాని విజయాలు చూసి చాలామంది అడుగుతున్నారు. కిడ్నీ గడ్డలు రక్తంలోకి డీఎన్ఏను చాలా తక్కువగా వదులుతాయి. పాకిన జబ్బులో కూడా చాలాసార్లు దొరకదు. డీఎన్ఏ మీద ఉండే మిథైల్ గుర్తులను చదివే పద్ధతి 2020లో జబ్బు ఉన్నవారినీ లేనివారినీ అద్భుతంగా విడదీసిందని వచ్చింది. అయితే పెద్ద గడ్డ ఉందా లేదా అని చెప్పడం వేరు, ఆపరేషన్ తర్వాత మిగిలిన కణాలను కనిపెట్టడం వేరు. ఈ దారిలో ఇంకా దూరం నడవాలి.

ఇప్పుడు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన రోగికి రక్తపరీక్షలు అక్కర్లేదా అంటే, కావాలి. మిగిలిన కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ కావాలి. ఆపరేషన్ తర్వాత సర్దుకున్న హిమోగ్లోబిన్, కాల్షియం, ఈఎస్ఆర్ కొన్నాళ్లకు వేరే కారణం కనబడకుండా మళ్లీ తేడాగా వస్తే, తర్వాతి సీటీ స్కాన్‌ను కాస్త ముందుకు జరపమని డాక్టరును అడగడం సబబే. స్టాఫర్ గమనించినది ఇప్పటికీ అక్కరకొచ్చేది ఇక్కడే. రక్తం బాగుందని సీటీ మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సరికాదు. పెంబ్రోలిజుమాబ్ తీసుకోవాలా వద్దా అన్నది ఈ రోజుకు పాథాలజీ రిపోర్టు, వయసు, మిగతా జబ్బులు, ఇంటి పరిస్థితి చూసి డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోవాల్సిందే. న్యూట్రోఫిల్ నిష్పత్తిని అందులోకి తేవాల్సిన పనిలేదు. ప్రైవేటు ల్యాబు ప్యాకేజీలో "క్యాన్సర్ మార్కర్లు" అని కనబడే జాబితాలో కిడ్నీ క్యాన్సర్‌కు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆ డబ్బు స్కాన్‌కు దాచుకోవడం మేలు.

కిమ్-1 విషయం తేలాలంటే జరగాల్సిన పరిశోధన ఎలా ఉండాలో స్పష్టంగానే ఉంది. గీతను ముందే ప్రకటించాలి. గీతకు పైనున్నవారిని రెండు సగాలు చేసి ఒక సగానికి మందు ఇవ్వాలి, కిందున్నవారిలో మందు మానేయడం సురక్షితమేనా అన్నదీ అదే ట్రయల్‌లో చూడాలి. మన ఆస్పత్రులు అంతటి ట్రయల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. కిడ్నీ గడ్డల ఆపరేషన్లు ఎక్కువగా చేసే హైదరాబాద్, విశాఖ, తిరుపతి ఆస్పత్రులు ప్రతి రోగి నుంచి ఆపరేషన్‌కు ముందు ఒకసారి, మిగిలిన కిడ్నీ సర్దుకున్నాక ముందే అనుకున్న ఒక వారంలో ఇంకోసారి కొద్దిగా ప్లాస్మా తీసి ఫ్రీజర్‌లో దాచవచ్చు. దానితోపాటు ఆ రోజు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను, జ్వరం ఉందా, స్టెరాయిడ్ వాడారా, ఏ జిల్లా మనిషి అన్నవి రాసిపెట్టాలి. గడ్డ లేని ఉద్దానం కిడ్నీ రోగుల నుంచి కూడా అలాంటి నమూనాలే తీయాలి. వారి కిమ్-1 మామూలుగా ఎంత ఉంటుందో తెలిసేదాకా, అక్కడినుంచి వచ్చిన క్యాన్సర్ రోగి రిపోర్టులో ఆ అంకె పక్కన "ఎక్కువ" అని రాయడానికి మనకు ఆధారం లేదు.